గరగరల నడుమ మాటను పట్టు విధము



అనంతపురము ఆకాశవాణి ఎఫ్.ఎం. ప్రసారము 101.7 మెగాహెర్ట్జులపై సాగుచున్నది. ఆ పట్టణమునకును తనకల్లునకును నడుమ నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము కలదు. దారిలో కొండలును గుట్టలును విస్తారము. ఈ తరంగములు ఇంచుమించుగ చూపు సాగినంత మేరకే సాగునట్టివి. కావున ఇంత దూరమున మిట్టమీది యింట మాట వినబడుటయు, అదే యూరిలో పల్లపు వీధిని గరగరయే వినబడుటయు వింత గాదు. ఆ గరగరనుండి మాటను వేరుపరచుటకు నేటి యంత్రములయందు వాడబడు నొక యుపాయమును గూర్చి ముచ్చటింపదలచితిని.

దానిని డిజిటల్ ఫేజ్ లాక్డ్ లూప్ అందురు. పేరు భయపెట్టునదియే గాని పని తేటయైనది. నేను దానిని వలయమని మాత్రము పిలిచెదను.

అనంతపురపు తరంగము సెకనునకు 10 కోట్ల 17 లక్షల పర్యాయములు ఊగును. పాత పద్ధతి ప్రసారములో మాటకు తగినట్లు తరంగముయొక్క ఎత్తు హెచ్చుచు తగ్గుచుండును. మెరుపులును మోటారులును పుట్టించు సద్దు కూడ ఆ యెత్తునే కదలించును గనుక, మాటయు సద్దును కలగాపులగమగును. అమెరికావాడగు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగు 1933లో పేటెంటు పొందిన పద్ధతిలో ఎత్తు మారదు. ఊపుల వడి మారును. పలుకు గట్టిదైనపుడు ఆ వడి నడిమి విలువకు ఇరుప్రక్కల 75 వేల ఊపుల దాక జరుగును. మన దేశమున నిట్టి ప్రసారము 1977 జులై 23న మద్రాసులో మొదలయ్యెను.

కాబట్టి రేడియో కనుగొనవలసినది ఒక్కటే: ఈ క్షణమున వచ్చుచున్న తరంగముయొక్క వడి యెంత?

కదిరి నరసింహస్వామి తేరునాటి జనసమ్మర్దమున చెక్కభజన జరుగుచున్నదనుకొనుడు. గురువు తాళము వేయుచున్నాడు. కేకలలో, డప్పులలో అతని దెబ్బలు కొన్ని వినబడును, కొన్ని వినబడవు. వెనుకనున్న భజనకాడు ప్రతి దెబ్బకు ఎదురుచూచి చెక్కలు వేయునా? వేయడు. అతని చేతిలో స్వంతమైన తాళమొకటి నడచుచుండును. వినబడిన దెబ్బ తన దెబ్బకంటె ముందు పడినచో చేతిని కొంచెము త్వరపెట్టును. వెనుక పడినచో కొంచెము నిదానించును. నడుమ రెండు దెబ్బలు వినబడకపోయినను అతని తాళము తప్పదు. ఇక విశేషమేమనగా, గురువు గొంతు వినలేని దూరమున నిలిచి ఈ భజనకాని చేతిని మాత్రమే చూచువాడు సైతము, గురువు ఎప్పుడు వడి పెంచెనో, ఎప్పుడు తగ్గించెనో చెప్పగలడు. ఆ చేతి దిద్దుబాటులోనే గురువుయొక్క వడి వ్రాయబడియున్నది. వలయము చేయు పని యంతయు నిదియే.

యంత్రములో నిది అంకెలతో జరుగును. వచ్చిన తరంగమును మొదట తక్కువ వడికి దించి, సెకనునకు, తార్కాణమునకు, 2 లక్షల 40 వేల నమూనాలుగ కొలుతురు. వలయములో నొక లెక్క గిరకవలె తిరుగుచుండును. నమూనా నమూనాకు కొన్ని డిగ్రీలు ముందునకు పోవును, 360 నిండగానే మరల సున్నకు వచ్చును. వచ్చిన తరంగము నడిమి విలువకంటె 20 వేల ఊపులు ఎక్కువగనున్నచో, అది నమూనాకు 30 డిగ్రీలు జరుగును. గిరక 28 మాత్రమే జరిగినచో రెంటికిని నడుమ ఎడమేర్పడును. ఆ యెడమును కొలిచి, అందొక భాగమును అప్పటికప్పుడు గిరకకు కలుపుదురు. మరియొక చిన్న భాగమును అడుగుయొక్క పరిమాణములో కూడబెట్టుదురు. అడుగు క్రమముగ 30కి చేరును. మాట మారినకొలది ఆ యడుగు మారును. ఆ యడుగుల వరుసయే స్పీకరునకు పంపబడు ధ్వని! వేరుగ మాటను వెదకవలసిన పనిలేదు.

సద్దు సంగతి యేమి? అది యెడమును ఒకమారు ముందునకును, ఒకమారు వెనుకకును త్రోయును. ప్రతి త్రోపులో కొద్దిభాగమునే స్వీకరించుటవలన ఇవి చాలవరకు ఒకదానినొకటి కొట్టివేయును. మాటవలని మార్పు ఒకేవైపు నిలిచి యుండును గనుక కూడుకొనును. ఐతే ఆ భాగమెంత యుండవలెననుటయే చిక్కు. ఎక్కువైనచో వలయము సద్దు వెంటగూడ పరుగిడును. తక్కువైనచో గబగబ పలికిన పలుకును అందుకొనలేక వెనుకబడును. అందరికిని సరిపడు కొలత లేదు. సద్దులో నుత్తమమైన వలయమును ఏర్పరచుటెట్లో 1955లో జాఫే, రెక్టిన్ అను నిరువురు గణితముతో చూపిరి. వలయమును 1932లోనే ఫ్రాన్సువాడగు డి బెల్లిసీజు వర్ణించియుండెను. అప్పటి గాజుబల్బులతో నది చాల ఖరీదైన పని.

సద్దు మితిమీరినచో వలయము ఒక చుట్టు పూర్తిగ జారిపోవును; భజనకాడు ఒక దెబ్బ తప్పి మరల తాళములో పడినట్లు. అప్పుడు స్పీకరులో 'టక్' మను చప్పుడు వినబడును. సాధారణపు గ్రాహకములలో సంకేతబలము సద్దుకు సుమారు పదిరెట్లకంటె తగ్గగానే ఈ టక్కులు వానచినుకులవలె మొదలగును. చక్కగ కూర్చిన వలయము, బలము అందులో సగమైనను నిలువగలదు. సగమేనా యని పెదవి విరువకుడు. పొలిమేర పల్లెకు ఆ సగమే వాతావరణవార్త వినబడుటకును వినబడకుండుటకును గల భేదము.

వలయము మన రేడియోలకే పరిమితము గాదు. బెంగుళూరు చేరువ బ్యాలాలులో 2008లో నెలకొల్పిన 32 మీటర్ల పళ్లెము చంద్రయాన సంకేతములను పట్టినది. చంద్రుని యొద్దనుండి వచ్చు నంతటి సన్నని తరంగమును వెంబడించుటకును ఈ జాతి వలయములే యాధారము.

ఐనను లేని సంకేతమును వలయము పుట్టింపజాలదు. కొండచాటున అది పూర్తిగ అణగిపోయినచో ఎట్టి గణితమును పనికిరాదు. అట్టివారు రేడియోను గూటిలోనుండి తీసి మిద్దెపైకి గాని కిటికీ యొద్దకు గాని చేర్చి, యేరియలు తీగను సుమారు 74 సెంటీమీటర్లు సాచి చూడవలెను. అనంతపురపు తరంగములో నది నాలుగవ వంతు. నిలువుగ నొకసారి, అడ్డముగ నొకసారి పెట్టి, ఏ తీరున మాట తేటపడిన నా తీరుననే యుంచుడు.