చిలుక తల చూడండి
(రాత్రి బడిలో ఒక టీచరమ్మ చెప్పిన మాటలు)



అందరూ వచ్చారా? పుస్తకాలు పక్కన పెట్టండి. ఈ రోజు పాఠం లేదు. ఒక చిలుక కథ చెబుతాను. కథ అన్నానే కానీ, ఇది నిజంగా జరిగింది.

మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉంది. పేరు చెప్పను. చెప్పొద్దని ఆమే అంది. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. పెద్దాయన పోయాడు. కూతురు అత్తారింట్లో ఉంది. ఇంట్లో ఉండేది పెద్దమ్మ, ఒక రామచిలుక. చిలుక పేరు బుజ్జి. తాటి మోడు తొర్రలోంచి ఎవరో తీసి అమ్ముతుంటే, కళ్ళు తెరవని పిల్లను కొని పెంచింది. ఆరేళ్ళు పెంచింది. సాయంత్రం పెద్దమ్మ గుమ్మంలో కాలు పెట్టగానే "అమ్మా, అన్నం" అనేది బుజ్జి. పెద్దమ్మ చేతి ముద్ద తినేది.

మిరప కోతలు వచ్చాయి. మీకు తెలుసు కదా, కోతలప్పుడు మన బతుకు ఎట్లా ఉంటుందో. పొద్దున ఆరింటికి ఆటో ఎక్కాలి. చీకటి పడ్డాక ఇల్లు చేరాలి. రెండు నెలలు అట్లాగే గడిచింది. ఒకరోజు పెద్దమ్మ వసారా ఊడుస్తుంటే చీపురుకు పచ్చ ఈకలు వచ్చాయి. మర్నాడు ఇంకా వచ్చాయి. వారం తిరిగేసరికి బుజ్జి రొమ్ము మీద ఈకల్లేవు. బొచ్చు పీకిన కోడిలాగా చర్మం కనబడింది.

ఇక సలహాలు మొదలయ్యాయి. ఒకామె దిష్టి తీయమంది. ఒకామె వేపనూనె రాయమంది. ఇంకొకాయన గేదెలకు గోమార్లు పడితే కొట్టే మందు సీసా తెచ్చి ఇచ్చాడు. "నాలుగు చుక్కలు నీళ్ళల్లో కలిపి ముంచు, పేలు పోతాయి" అన్నాడు.

పెద్దమ్మ మన బడిలోనే చదువు నేర్చుకుంది. సీసా మీద అక్షరాలు చాలా చిన్నవి. దీపం దగ్గర పెట్టుకొని కూడబలుక్కుంది. వి-ష-ము. విషము! సీసా పట్టుకొని రాత్రి తొమ్మిదింటికి నా దగ్గరకు వచ్చింది. "ఏమ్మా టీచరమ్మా, ఇది పొయ్యొచ్చా?" అంది. మొత్తం చదివాను. పశువులకు మాత్రమే అని ఉంది. అంత పెద్ద గేదెకు కొలిచి కొట్టే మందు, గుప్పెడంత పిట్టకు పోస్తే ఏమవుతుంది? పిట్ట తన ముక్కుతోనే ఒళ్ళు దువ్వుకుంటుంది. మందంతా కడుపులోకి పోతుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఆ రాత్రి మందు వద్దన్నాను, అది సరే. కానీ "ఈకలు రాలే కాలం పెద్దమ్మా, మళ్ళీ వస్తాయిలే" అన్నాను. పుస్తకంలో చదివిన ముక్క అది. పక్షి పాత ఈకలు రాల్చుకొని కొత్తవి వేసుకుంటుంది. చిలుకకు ఏడాదికి ఒకసారి ఈ పని జరుగుతుంది. మాట నిజమే, కానీ బుజ్జి సంగతి అది కాదు. నా మాట నమ్మి పెద్దమ్మ రెండు వారాలు ఊరుకుంది. అప్పటికి తొడల మీద ఈకలూ పోయాయి. చర్మం మీద రక్తపు చుక్కలు కనబడ్డాయి. అప్పుడు పంజరం మీద గుడ్డ కప్పుకొని ఇద్దరం పశువుల ఆసుపత్రికి పోయాం.

డాక్టరమ్మ బుజ్జిని ముట్టుకోలేదు. దూరం నుంచి చూసి ఒక్క మాట అడిగింది. "తల మీద ఈకలు ఎట్లా ఉన్నాయి?"

చూశాం. తల నిండుగా ఉంది. నున్నగా, పచ్చగా, మెరుస్తోంది.

"చూశారా? దాని ముక్కు ఎక్కడిదాకా అందుతుందో అక్కడిదాకా బోడి. తలకు ముక్కు అందదు. అందుకే తల బాగుంది. ఈకలు రాలడం లేదు. అదే పీక్కుంటోంది" అంది డాక్టరమ్మ.

నాకు సిగ్గేసింది. ఎంత చిన్న సంగతి! ఎవరైనా ఇంట్లోనే చూడొచ్చు.

ఆ రోజు ఆమె దగ్గర తెలుసుకున్నవి, తర్వాత నేను చదివినవి చెబుతాను. మామూలుగా రాలే ఈక ఒకటీ రెండూ రాలుతుంది. అటు రెక్కలో ఒకటి, ఇటు రెక్కలో ఒకటి. బోడి మచ్చ పడదు. రాలిన చోట ముల్లులాంటిది మొలుస్తుంది. అది కొత్త ఈక. దానికి పైన పలచని తొడుగు ఉంటుంది, లోపల రక్తం ఉంటుంది. దాన్ని గిల్లకూడదు. విరిగి రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టి డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి.

తల మీద కూడా ఈకలు పోతే వేరే జబ్బు చూడాలి. కొత్త ఈకలు వంకరగా వచ్చినా, ముక్కు పెళుసై విరిగినా అది వైరస్ జబ్బు కావచ్చు. దాన్ని పోగొట్టే మందు లేదు. ఒక చిలుక నుంచి ఇంకో చిలుకకు అంటుతుంది. అప్పుడు మిగతా పిట్టలను దూరంగా పెట్టాలి. ఒకే పంజరంలో రెండు ఉంటే, ఒకటి రెండోదాని తల పీకడమూ ఉంటుంది. అదీ చూసుకోవాలి.

మరి పేల సంగతి? అందరం ముందు పేలనే అంటాం. పగలు పంజరం సందుల్లో దాక్కుని, రాత్రి వచ్చి రక్తం తాగే ఎర్ర పురుగులు ఉంటాయి. రాత్రి పంజరం మీద తెల్ల గుడ్డ కప్పండి. పొద్దున్నే గుడ్డ లోపలి వైపు చూడండి. ఎర్ర చుక్కలు కదులుతుంటే పురుగులున్నట్టు. బుజ్జి గుడ్డ తెల్లగానే ఉంది.

"మరి ఎందుకు పీక్కుంటోందమ్మా?" అంది పెద్దమ్మ. డాక్టరమ్మ ఎదురు ప్రశ్నలు వేసింది. ఏం పెడతావు? అన్నం, వడ్లు, పచ్చిమిరపకాయ, టీలో ముంచిన బిస్కట్టు. పంజరం ఎక్కడ ఉంటుంది? పొయ్యి పక్కన, టీవీ పైన. స్నానం ఉందా? లేదు. పగలు ఎవరుంటారు?

ఆ మాటకు పెద్దమ్మ తల దించుకుంది. "ఎవరూ ఉండరు. పనికి పోకపోతే నాకెట్లా గడుస్తుందమ్మా?" అంది.

అది నిజమే కదా! ఆమెను తప్పుపట్టేదెవరు?

బయట చిలుకలు ఎట్లా ఉంటాయో మీరు చూశారు. ఒక్కటే ఉండదు. గుంపుగా ఎగురుతాయి. మైళ్ళ దూరం పోయి తింటాయి. సాయంత్రం ఒకే చెట్టు మీద వందలు వాలి గోల చేస్తాయి. అట్లాంటి పిట్టను పన్నెండు గంటలు ఒంటరిగా కూచోబెడితే ఏం చేస్తుంది? కొందరు ఆలోచనలో పడి గోళ్ళు కొరుక్కుంటారు. ఇదీ అంతే. ఒంటరితనం ఒకటే కాదు. తిండి సరిగా లేక చర్మం పొడిబారినా దురద పుట్టి పీక్కుంటుంది. బుజ్జికి రెండూ ఉన్నాయి.

పెద్దమ్మ పద్ధతి మార్చింది. టీ, బిస్కట్టు ఆపింది. ఉప్పు వేసినవి, నూనెలో వేయించినవి కూడా ఆపింది. మిరపకాయ మాత్రం ఆపలేదు. పిట్టకు కారం తెలియదు, దానికది మంచిదే. బొప్పాయి ముక్క, క్యారెట్టు, తోటకూర, మునగాకు, జామకాయ, లేత మొక్కజొన్న పొత్తు, మొలకెత్తిన పెసలు పెట్టింది. అన్నీ బాగా కడిగి పెట్టింది, వాటి మీద పురుగుమందు ఉంటుంది కాబట్టి. మన జుట్టు, గోళ్ళు ఎట్లాంటి పదార్థంతో పెరుగుతాయో ఈకలూ అట్లాంటి దానితోనే పెరుగుతాయి. ఉత్త వడ్లతో ఈకలు రావు. మొదట బుజ్జి ఆకుకూర విసిరి కొట్టింది. పదిరోజులు విసిరింది. మన పిల్లలు తింటారా ఏంటి మొదటిరోజే!

పంజరం పొయ్యి దగ్గర నుంచి తీసి కిటికీ దగ్గర పెట్టింది. పొగ పిట్టకు చాలా చెడ్డది. పళ్ళెంలో నీళ్ళు పెడితే ఎండపొద్దున బుజ్జి జలకాలాడింది. రాత్రి ఎనిమిదికల్లా టీవీ కట్టేసి గుడ్డ కప్పింది. పిట్టకు పది పన్నెండు గంటల నిద్ర కావాలి. పనికి పోయే ముందు జామకొమ్మ, వేపపుల్లలు, మొక్కజొన్న పొట్టు పంజరంలో వేసింది. ఈకల బదులు అవి కొరుక్కుంది. వేపనూనె మాత్రం రాయనివ్వలేదు. ఏ నూనె రాసినా ఈకలు అతుక్కుపోతాయి. ఈకలే పిట్టకు దుప్పటి. అవి అతుక్కుంటే చలికి చస్తుంది.

ఇంకో మాట. రెట్ట ఎండితే దుమ్మవుతుంది. కొన్ని పిట్టల రెట్టదుమ్ము పీలిస్తే మనకు జ్వరం, దగ్గు, న్యుమోనియా వస్తాయి. తడి గుడ్డతో తుడవండి, చేతులు కడగండి. అట్లాంటి జ్వరం వస్తే ఇంట్లో చిలుక ఉందని డాక్టరుకు చెప్పండి. చెబితేనే సరైన మందు రాస్తారు.

మూడు నెలలకు బుజ్జి రొమ్ము మీద ముళ్ళు మొలిచాయి. తర్వాత పచ్చదనం వచ్చింది. తొడ మీద ఒకచోట మాత్రం రాలేదు. ఎక్కువసార్లు పీకితే వేరు చచ్చిపోతుందట.

ఇక పేరు ఎందుకు చెప్పలేదో వినండి. డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది. 1972లో వన్యప్రాణుల రక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం మన రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం నేరం. జరిమానా ఉంది, జైలు కూడా ఉంది. చిలక జోస్యం చెప్పేవాళ్ళకూ ఇదే చట్టం. "జబ్బు తగ్గించు. తర్వాత అటవీశాఖ వాళ్ళకు అప్పజెప్పు. నువ్వే వదిలేయకు. పంజరంలో పెరిగింది, తిండి వెతుక్కోలేదు. కాకులో పిల్లులో చంపేస్తాయి" అంది.

పెద్దమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. "ఆరేళ్ళు కొడుకులా పెంచాను. ఎట్లా ఇస్తాను?" అని కూతురికి ఫోనులో ఏడ్చిందట. నేనూ బలవంతం చేయలేదు. చట్టం చెప్పాను, అంతే. కోతలు మళ్ళీ వస్తాయి, బుజ్జి మళ్ళీ ఒంటరిదవుతుంది. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు.

ఒక సోమవారం పొద్దున వచ్చి "పద" అంది. జైల్లో వేస్తారేమోనని దారంతా నా చెయ్యి వదల్లేదు. అక్కడి ఉద్యోగి కేకలేయలేదు. కాగితం రాశాడు. ఇంకుప్యాడ్ ముందుకు జరిపి వేలిముద్ర వేయమన్నాడు.

"పెన్ను ఇవ్వు నాయనా" అంది పెద్దమ్మ.

కాగితం మొత్తం కూడబలుక్కొని చదివింది. "చిలుక ఒకటి" అని ఉన్న చోట ఆగింది. తర్వాత సంతకం పెట్టింది. సర్కారు కాగితం మీద ఆమె పెట్టిన మొదటి సంతకం అది. బుజ్జి "అమ్మా, అన్నం" అంటూనే ఉంది. మేం వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాం.

ఆ పంజరంలో ఇప్పుడు ఉల్లిపాయలు పోసుకుంటోంది. పెరట్లో జామచెట్టు మీద చిలుకలు వాలితే తోలడం లేదు. సగం కాయలు అవే తింటున్నాయి.

మీలో కొందరి ఇళ్ళల్లో చిలుకలున్నాయి, నాకు తెలుసు. ఇంటికి పోయి దీపం వెలుగులో ముందు దాని తల చూడండి. తర్వాత రొమ్ము చూడండి. రేపు వచ్చి నాతో చెప్పండి. అందరి ముందూ చెప్పక్కర్లేదు.