చెవికి చెవి తగలాలి



కార్మికుల కార్యక్రమం చూసే ఆకాశవాణి మిత్రుడొకరు ఫోను చేసి, "మీ పనిలో జనానికి తెలియని సంగతి చెప్పండి. పైపు జాయింట్లన్నీ వరసగా పరిచయం చేస్తే మరీ మంచిది" అన్నారు. గాడి కప్లింగు, కంప్రెషన్ జాయింటు, మర జాయింటు, రబ్బరు రింగు జాయింటు, ఫ్లాంజి, ప్రెస్ జాయింటు. వెల్డింగు లేకుండా, జిగురు లేకుండా కేవలం బిగింపు మీద నిలబడేవి ఇవి. ఆరూ చెబుతానని ఒప్పుకున్నాను గానీ, గాడి కప్లింగు మాట ఎత్తితే నాకు నోరు ఆగదు. మిగిలినవాటికి ఎంత సమయం మిగులుతుందో చూద్దాం. ఎల్బో అంటే ఏమిటి, టీ అంటే ఏమిటి అని చెప్పను. ఇల్లు కట్టుకున్నవాళ్లకు ప్లంబరు బిల్లు చూశాక అవన్నీ కంఠతా వచ్చే ఉంటాయి.

పైపులు బిగించాక నీళ్లు పట్టి, పంపుతో ప్రెషరు ఎక్కించి చూడటం మామూలు. గేజి ముల్లు కదల్లేదు, ఎక్కడా చుక్క కారలేదు, పని బాగుందని సంతకాలు చేస్తారు. ఆ పరీక్ష వద్దని నేననను. కానీ జాయింటు కారకపోవడం వేరు, సరిగ్గా కూర్చోవడం వేరు. కూర్చుందో లేదో తెలియాలంటే నిచ్చెనెక్కి, టార్చి వేసి, దగ్గర నుంచి చూడాల్సిందే. నా ఉద్యోగమంతా అదే పని.

ఆసుపత్రి సెల్లారులోనో, సినిమా హాలు పార్కింగులోనో తల పైకెత్తితే ఎర్రరంగు పైపులు కనిపిస్తాయి. నిప్పు అంటుకుంటే నీళ్లు చల్లడానికి వేసిన లైన్లు. ఇరవై అడుగుల పైపుకూ పైపుకూ మధ్య ఒకటి, ఎల్బో వస్తే అటొకటి ఇటొకటి, రెండేసి నట్లతో బిగించిన దుక్కలాంటి కట్టు ఉంటుంది. అదే గాడి కప్లింగు. 1919లో ఇంగ్లండులో పుట్టిన విక్టాలిక్ కంపెనీ పేరుతోనే చాలా సైట్లలో దాన్ని పిలుస్తారు. పైపు కొసకు కాస్త ఇవతల చుట్టూ ఒక గాడి తీస్తారు. రెండు పైపుల కొసలు ఎదురెదురుగా పెట్టి, వాటి మీదికి రబ్బరు రింగు జరుపుతారు. దాని మీద రెండు పోత ముక్కలు, పైనొకటి కిందొకటి, అంచులు రెండు వైపులా గాళ్లలో పడేటట్టు పెట్టి బోల్టులు బిగిస్తారు. బోల్టు దూరడానికి ముక్కలకు బయటికి పొడుచుకొచ్చిన భాగాలుంటాయి. కంపెనీ కాగితాల్లో వాటిని ప్యాడ్లంటారు. మా మేస్త్రి చెవులనేవాడు. నాకూ అదే అలవాటు.

ఇక్కడ రబ్బరు పని ఒకటి, ఇనుము పని ఒకటి. నీటిని ఆపేది రబ్బరు. ఆ రింగును కోసి చూస్తే లోపలికి తెరుచుకున్న నోరులా ఉంటుంది. నీటి ఒత్తిడి ఆ నోట్లోకి వెళ్లి, పెదవులను పైపు మీదికి ఇంకా గట్టిగా నొక్కుతుంది. అందుకే నట్లు కాస్త వదులుగా ఉన్నా నీళ్లు కారకపోవచ్చు. కానీ పైపులు విడిపోకుండా పట్టుకునేది రబ్బరు కాదు, గాడిలో పడిన ఇనుప అంచు. నాలుగంగుళాల పైపులో గాడి లోతు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే. అమెరికా వాళ్ల స్ప్రింక్లర్ నిబంధన, ఎన్‌ఎఫ్‌పీఏ 13 ప్రకారం అలాంటి లైనును మామూలుగా 200 పీఎస్ఐ దగ్గర రెండు గంటలు నిలబెట్టి చూడాలి. మన సైట్ల భాషలో పద్నాలుగు కేజీల ప్రెషరు. ఆ ప్రెషరుకు నాలుగంగుళాల పైపు కొసను బయటికి తోసే బలం సుమారు 1,400 కిలోలు. ఆరంగుళాలదైతే మూడు టన్నుల పైన. అంత బలాన్నీ ఆపుతున్నది రెండు మిల్లీమీటర్ల గట్టు. ముక్కలు పూర్తిగా దగ్గరికి రాకపోతే ఆ గట్టులో సగమే పట్టుకుని ఉంటుంది. సగం పట్టుతో కూడా పరీక్ష నాడు నిలబడొచ్చు. ఏడాది పోయాక పంపు ఒక్కసారిగా మొదలై లైనులో నీళ్లు ఎదురుతన్నినప్పుడు జారొచ్చు.

మరి చూడాల్సిందేమిటి? చదునైన చెవులున్న రకానికి, రెండు వైపులా చెవికి చెవి ఇనుముకు ఇనుము తగలాలి. ఒక వైపు కలిసి రెండో వైపు సందు ఉంటే ఒప్పుకోకూడదు. ఏటవాలు చెవులున్న రకం ఇంకొకటుంది. అందులో ముక్కలు బిగిసేకొద్దీ ఒకదాని మీద ఒకటి కొంచెం పక్కకు జరుగుతాయి. ఆ జరుగుడు రెండు వైపులా సమానంగా ఉండాలి. కొన్ని రకాలకు కొంత సందు వదలమనీ, ఇంత టార్కు పెట్టమనీ కంపెనీయే చెబుతుంది. కాబట్టి డబ్బాలో వచ్చిన కాగితాన్ని చింపి పారేయకుండా మేస్త్రి జేబులో పెట్టుకోవాలి. చెవుల మధ్య నల్లగా రబ్బరు తొంగిచూస్తోందంటే రింగు నలిగిందన్నమాట. ఒక నట్టును పూర్తిగా బిగించేసి తర్వాత రెండోదాని దగ్గరికి పోయినవాడు చేసే పని ఇది. అటు కొంచెం, ఇటు కొంచెం మార్చి మార్చి తిప్పితే ఇలా జరగదు. నలిగిన రింగు కూడా పరీక్షలో నెగ్గేసి, నెలల తర్వాత కారడం మొదలుపెడుతుంది. రింగుకు రాసిన జారుడు మందు ఏమిటో కూడా అడగండి. నీటి లైన్లలో వాడే ఈపీడీఎం రబ్బరుకు పెట్రోలియం గ్రీజు పడదు, ఉబ్బిపోతుంది. చేతికందిందని బేరింగు గ్రీజు రాసే హెల్పర్లను నేను చాలామందిని చూశాను.

ఈమధ్య విప్పకుండానే తొడిగే కప్లింగులు వచ్చాయి. బోల్టులు, రింగు అన్నీ అమర్చే వస్తాయి. పైపు కొసలు లోపలికి దూర్చి నట్లు తిప్పడమే. పని త్వరగా అవుతుంది, మంచిదే. కానీ దూర్చి బిగించడం మరిచిపోయిన జాయింటు కూడా దూరం నుంచి బిగించినదానిలాగే కనిపిస్తుంది. పాతరకం ముక్కలైతే బోల్టు లేకుండా కింద పడతాయి కాబట్టి ఆ మరుపుకు తావు తక్కువ.

మా మేస్త్రి సంగతి చెప్పాలి. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఆడవాళ్ల పౌడరు డబ్బాలోంచి ఊడదీసిన గుండ్రటి అద్దం ఉండేది. పైపు శ్లాబుకు ఆనుకుని పోయే చోట వెనక బోల్టు కంటికి కనిపించదు. అద్దం అటు పెట్టి, టార్చి ఇటు వేసి చూసేవాడు. కోస్తాలో ఒక పట్టణంలో పెద్ద భవనానికి లైన్లు వేస్తున్నాం. ముందురోజే పరీక్ష నెగ్గింది. ఫాల్స్ సీలింగు వాళ్లు ఫ్రేములు పట్టుకుని కింద నిలబడ్డారు. మేస్త్రి నిచ్చెన మీద నుంచి, "ఒరేయ్ అబ్బాయ్, పైకి రా" అని నన్ను పిలిచి అద్దం చేతికిచ్చాడు. ముందు చెవులు చక్కగా కలిసి ఉన్నాయి. వెనక చెవుల మధ్య గోరు దూరేంత సందు. అక్కడ పానా తిరగడానికి చోటు లేక, బిగించినవాడు నట్టును వేళ్లతో తిప్పి వదిలేశాడు.

కుర్ర ఇంజినీరు ఒప్పుకోలేదు. "నిన్న రెండు గంటలు నిలబడింది కదా మేస్త్రిగారూ" అన్నాడు.

"నిన్న పంపు మెల్లగా పెంచాం బాబూ. నిప్పంటుకున్న రోజు ఎవరూ మెల్లగా పెంచరు" అన్నాడాయన.

నీళ్లు వదిలించి చూస్తే ఆ నట్టు చేత్తో ఊడి వచ్చింది. ఆ వరసలోనే అలాంటివి ఇంకొన్ని దొరికాయి. సీలింగు వాళ్లు ఆ పూట కూలి పోయిందని మమ్మల్ని తిట్టుకుంటూ వెళ్లారు. వాళ్ల కోపమూ న్యాయమే.

మా రోజుల్లో ఒక పద్ధతి ఉండేది, ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. ఫిట్టరు జాయింటు బిగించగానే చాక్‌పీసుతో నట్టు మీద నుంచి చెవి మీదికి ఒక గీత గీసేవాడు. నట్టు తర్వాత వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. తనిఖీ చేసినవాడు దాని పక్కనే పసుపు పెయింటుతో ఒక చుక్క పెట్టేవాడు. ప్రతి ఫిట్టరుకూ తన గుర్తు వేరు. ఒకడు అడ్డగీత, ఒకడు ఇంటూ, ఒకడు తన పేరులో మొదటి అక్షరం. లైను కింద నడుచుకుంటూ పోతే గీత లేనిది బిగించనిదనీ, చుక్క లేనిది ఎవరూ చూడనిదనీ కింద నుంచే తెలిసేది. దీనికి అయ్యే ఖర్చు ఒక చాక్‌పీసు. పని చేసినవాడి పేరు ఆ పని మీదే ఉండేది, అది నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

ఇప్పుడు గీతల బదులు ఫోన్లొచ్చాయి. జాయింటుకో ఫొటో తీసి పైకి పంపాలట. ఫొటో చెడ్డదని నేననను, వెనక వైపు కూడా తీస్తే మా మేస్త్రి అద్దం కన్నా మేలు. కానీ ఒక సైటులో వరసగా వచ్చిన ఫొటోలు చూస్తుంటే అన్నింటిలోనూ ఒకే సాలెగూడు కనిపించింది. ఒకే జాయింటును అటు నుంచీ ఇటు నుంచీ తీసి గది గదికీ లెక్క రాసేశారు. ఆఫీసులో కూర్చున్నవాళ్లు ఫొటోలెన్ని వచ్చాయో లెక్కపెట్టారు గానీ ఫొటోలో ఏముందో చూడలేదు. చాక్‌పీసుతో ఇలాంటి మోసం చేయాలన్నా ప్రతి జాయింటు దగ్గరికీ నిచ్చెనెక్కక తప్పదు.

ఇక కంప్రెషన్ జాయింటు. రిఫైనరీల్లో, థర్మల్ కేంద్రాల్లో, మందుల పరిశోధనశాలల్లో వేలు లావు స్టీలు గొట్టాలుంటాయి. వాటి నట్టు లోపల రెండు సన్నటి ఉంగరాలు. నట్టు తిప్పితే అవి గొట్టాన్ని కరిచిపట్టుకుంటాయి. దీనికి టార్కు రెంచి అక్కర్లేదు, ఎంత తిప్పామన్నదే లెక్క. పావు అంగుళం, ఆపైన మామూలు సైజులకు చేత్తో బిగిసేదాకా తిప్పాక, ఒకటింపావు చుట్టు. దీన్ని నేర్పే తీరు ముచ్చటగా ఉంటుంది. చేత్తో బిగించాక నట్టు మీద, గడియారంలో ఆరు ఉండే చోట గుర్తు పెట్టుకోవాలి. పానాతో ఒక పూర్తి చుట్టు తిప్పితే గుర్తు మళ్లీ ఆరు దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి తొమ్మిది దాకా లాగి ఆపాలి. గుర్తు తొమ్మిది దగ్గర ఉంటే చూసేవాడికి ప్రశ్నలుండవు. గుర్తు పెట్టకపోతే సందు చూసే రేకు ఒకటుంది. నట్టుకూ బాడీకీ మధ్య ఆ రేకు దూరితే బిగింపు చాలదు, దూరకపోతే చాలినట్టే. మొదటిసారి బిగించినప్పుడే ఈ లెక్క, విప్పి మళ్లీ బిగించినదానికి పనికిరాదు. కారుతోంది కదా అని ప్రెషరు ఉండగా నట్టుకు పానా పెట్టకండి. ఇది మాత్రం ఇళ్లలో గ్యాసు పనులు చేసేవాళ్లు కూడా వినాలి.

మర జాయింటు అందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా చెబుతాను. జనపనార, సఫేదా పోయి టెఫ్లాన్ టేపు వచ్చింది. ఏది చుట్టినా, బిగించాక రెండు మూడు మరలు బయట కనిపించాలి. అయిదారు కనిపిస్తే లోపల పట్టు తక్కువ. ఒక్కటీ కనిపించకపోతే మర ఎక్కువ కోశాడో, ఫిట్టింగు పగిలేంత తిప్పాడో ఆరా తీయాలి. విదేశీ యంత్రాలకు మన ఫిట్టింగులు తగిలించేటప్పుడు ఇంకో చిక్కుంది. మన బీఎస్‌పీ, అమెరికా ఎన్‌పీటీ రెండింటిలోనూ అర అంగుళానికీ ముప్పావు అంగుళానికీ మరలు అంగుళానికి పద్నాలుగే. కానీ మర కోణం ఒకదానిది 55 డిగ్రీలు, ఇంకోదానిది 60. ఒకదానిలో ఒకటి ఎక్కుతుంది, టేపు దట్టంగా చుడితే కొన్నాళ్లు ఆగుతుంది కూడా. అనుమానం వస్తే మర గేజిని మర మీద పెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. వెలుగు సందు కనిపిస్తే అది వేరే జాతి.

రైతు సోదరులకు పనికొచ్చేది రబ్బరు రింగు జాయింటు. పైపు కొస మీద ఎంత లోతు దూరాలో గీత ఉంటుంది. తోశాక ఆ గీత ఎదుటి పైపు గిన్నె, అంటే సాకెట్టు, అంచు దగ్గరే కనిపించాలి. బయట దూరంగా ఉంటే సరిగా దూరలేదు. గీత లోపలికి మాయమైతే మరీ లోపలికి పోయింది, ఎండకు పైపు సాగడానికి చోటు ఉండదు. నీళ్లు వదిలి చూసేదాకా పైపు నడుముల మీద మట్టి వేయండి గానీ జాయింట్లు పూడ్చకండి.

ఫ్లాంజికి బోల్టులు ఎదురెదురుగా బిగించారా, కొస నట్టు దాటి వచ్చిందా చూస్తే సగం పని అయినట్టే. ప్రెస్ జాయింటు గురించి ఒక్క మాట. యంత్రంతో నొక్కడం మరిచిపోతే తక్కువ ప్రెషరుకే కావాలని కారేటట్టు తయారుచేసిన రకాలు వచ్చాయి. అలాంటివే కొనండి, ముందు తక్కువ ప్రెషరుతోనే పరీక్ష చేయించండి. స్టూడియోలో గడియారం చూపిస్తున్నారు, ఇంతకన్నా చెప్పలేను.

అపార్టుమెంటు సంఘాలవారికీ, కొత్త ఇంటికి డబ్బు కడుతున్నవారికీ నా మనవి ఒకటే. సీలింగు మూయకముందు, గోడ పూయకముందు ఒక రోజు అడిగి తీసుకోండి. టార్చి, అద్దం పట్టుకుని మేస్త్రితో పాటు మీరూ లైను కింద నడవండి. వెనక బోల్టు చూపించమనండి. చూపించలేనంటే ఆ రోజు బిల్లు మీద సంతకం పెట్టకండి.