శ్యేనం పక్షాన నాలుగు మాటలు



శిబిచక్రవర్తి కథను నేను నలభై ఏళ్లు పురాణ వేదికలపై చెప్పాను. పావురాన్ని కాచిన రాజును కీర్తించి, తరిమిన డేగను క్రూరపక్షిగానే వర్ణించాను. ఆ రూపం దాల్చినవాడు ఇంద్రుడే అని చెప్పినా, శ్రోతల మనస్సు పావురం మీదనే నిలిచేది. నాదీ అంతే.

పదవీ విరమణానంతరం మా ఊరి కొండచరియపై ఒక డేగల జంట నా కంటబడింది. షాహీన్ డేగ అంటారు. నల్లని శిరస్సు, ఇటుకరంగు ఉదరం. అమరకోశం శ్యేనాన్ని శశాదనమన్నది, అనగా కుందేళ్లను తినేది. ఈ జాతి మాత్రం ప్రధానంగా పక్షులనే, అదీ ఆకాశంలోనే పడుతుంది. పైకెగసి, రెక్కలు ముడిచి, గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగంతో దూకగలదు. అయినా వేట తరచు తప్పుతుంది. వట్టి గోళ్లతో తిరిగిరావడం నేను ఎన్నోసార్లు చూచాను.

ఇది గూడు కట్టదు. రాతి అంచున మట్టిని గోకి, ఆ పల్లంలో మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. నెల రోజులకు పైగా పొదిగే భారం ఎక్కువగా ఆడదానిదే. మగదానికంటె అదే పెద్దది. మగపక్షి ఆహారం తెస్తే ఎదురేగి గాలిలోనే అందుకుంటుంది. పిల్లలకు చిన్నచిన్న తునకలు చేసి నోటికందించే తీరు చూచి, నాకు ముద్దలు కలిపి పెట్టిన మా అమ్మ గుర్తుకు వచ్చింది. పోలిక తప్పైతే క్షమించండి.

వనపర్వంలో శ్యేనం చేసిన వాదం నాకు అప్పుడు వినబడింది. అక్కడ రాజు పేరు ఉశీనరుడు, కథ అదే. ఆహారం లేక నేను పోతే నా ఆలుబిడ్డలూ పోతారు, ఒక ప్రాణిని కాచి ఇన్ని ప్రాణాలు తీస్తావా అని అడుగుతుంది. రాజు దానిని కసరలేదు. ధర్మం తెలిసి మాట్లాడుతున్నావని మెచ్చి, తన మాంసాన్నే తూచాడు.

కిందటి ఫాల్గుణంలో ఆ కొండమీది గుడికి మెట్లు వేయడానికి బండలు పేల్చారు. పిల్లలు ఎగరడానికి ఇంకా మూడు వారాలు పట్టేది. తల్లిదండ్రులు మూడు రోజులు అరుస్తూ తిరిగి, నాలుగవనాడు కనబడలేదు. ఆ మెట్లకు విరాళమిచ్చినవారిలో నేనూ ఒకణ్ణి.

ఒకే చరియను ఏళ్ల తరబడి ఆశ్రయించడం వీటి అలవాటు. ఈ ఏడు మళ్లీ ఒక జంట వచ్చింది. అక్కడ ప్రాకారం పని మిగిలి ఉన్నది. వైశాఖం వరకు ఆపమని పెద్దలను వేడుకున్నాను, సమ్మతించారు. విరాళమిచ్చిన మహాశయులు ఈ ఆలస్యానికి నొచ్చుకోవద్దని అడగడానికే నేడు మీ ముందుకు వచ్చాను.