ఒక్కటే చేసిన కారు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసి, పచ్చడి రుచి ఇంకా నాలుకమీద ఉండగానే మోటారు యంత్రముల సంగతి ఎత్తుతున్నందుకు ముందుగా మన్నించవలెను. ఇది మేము కోరి తెచ్చుకొన్న పని కాదు. నిరుటి సభలో మన పెద్దలొకరు లేచి, "కోట్లు పోసి ఒక్కటంటే ఒక్క కారు చేసి, దీపాల కింద నిలబెట్టి జనానికి చూపడమెందుకు? పెళ్ళి పల్లకీ వంటిదే గదా, ఊరేగింపు కాగానే మూలపడవలసినదే" అన్నారు. మోటారు పరిశ్రమలో చేరదలచిన మన కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు అప్పుడు తలలు వంచుకొన్నారు. ఆనాడు మా దగ్గర జవాబు లేదు. ఈ ఏడు కొంత చదివి వచ్చాము.

మేము తీసుకొన్న ఉదాహరణ జపానుది. 1995 అక్టోబరులో టోక్యో మోటారు ప్రదర్శనలో టొయోటా వారు ప్రియస్ అనే పేరుతో ఒక నమూనా కారును చూపారు. లాటిను భాషలో ఆ మాటకు 'ముందుగా' అని అర్థము. అది హైబ్రిడ్ కారు. హైబ్రిడ్ అనగానే మనలో సేద్యము తెలిసినవారికి జొన్న విత్తనము గుర్తుకు వస్తుంది; ఇక్కడ కలిసినవి పెట్రోలు ఇంజను, కరెంటు మోటారు. లీటరుకు 30 కిలోమీటర్లు నడపడమే లక్ష్యమని చెప్పారు.

ఈ రెండింటినీ కలుపవలసిన అవసరమేమి? బ్రేకులో ఉన్నది కిటుకంతా. 1200 కిలోల కారు గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోతున్నదనుకోండి. దానిలోని చలనశక్తి 60,000 జౌళ్ళు. 600 కిలోల బరువును 10 మీటర్ల ఎత్తుకు, అంటే మూడంతస్తుల మేడపైకి, చేర్చడానికి దాదాపు అంత శక్తి పడుతుంది. అడ్డముగా ఆవు వచ్చింది, బ్రేకు తొక్కాము. ఆ శక్తి అంతా బ్రేకులలో వేడిగా మారి గాలిలో కలిసింది. మళ్ళీ కదలాలంటే మళ్ళీ పెట్రోలు. మేడ ఎక్కించిన సరుకును కిందికి పారవేసి, తిరిగి మోయడము వంటిది ఇది. బజారులో ఎన్నిసార్లు ఆగితే అన్నిసార్లు.

కరెంటు మోటారుకు ఒక సుగుణమున్నది. కరెంటు ఇస్తే చక్రమును తిప్పుతుంది. చక్రమే దానిని తిప్పితే కరెంటు ఇస్తుంది. కారు ఆగేటప్పుడు అలా వచ్చిన కరెంటును దాచుకొంటే బయలుదేరేటప్పుడు పనికివస్తుంది. ఎక్కడ దాచాలి? ప్రదర్శనలోని కారులో బ్యాటరీకి బదులు కెపాసిటరు పెట్టారు. బ్యాటరీ సన్నమూతి కూజా: చాలా పడుతుంది, కాని నింపడానికీ వంపడానికీ సమయము కావాలి. కెపాసిటరు వెడల్పు మూతి గిన్నె: క్షణములో నిండుతుంది, క్షణములో ఖాళీ అవుతుంది, పట్టేది మాత్రము కొంచెము.

ఇప్పుడు మన పెద్దాయనకు బలము చేకూర్చే సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. జనము ఆ కారు చుట్టూ మూగిన నాటికే, లోపలి ఇంజనీర్లు వేరే యంత్రాంగమును ఎంచుకొని పని మొదలుపెట్టారు! ఆ బృందమునకు నాయకుడు తకేషి ఉచియమాద. ఆయన నేర్చిన విద్య కారులోని చప్పుడూ వణుకూ తగ్గించడము. కొత్త కారును మొదటినుంచి నడిపించిన అనుభవము లేదు. పెట్రోలు ఖర్చులో సగము మేలు చూపిస్తే చాలుననుకొన్నారు మొదట. పైవారు రెట్టింపు కావాలన్నారు. సుమారు 80 హైబ్రిడ్ పద్ధతులను పోగుచేసి, జల్లెడ పట్టి, చివరికి ఒకటి నిలిపారు.

నిలిచిన పద్ధతిలో బ్యాటరీ ఉన్నది, రెండు మోటార్లు ఉన్నవి, వాటి నడుమ గ్రహచక్రముల గేరు ఉన్నది. (నవగ్రహముల ఫలములు ఇప్పుడే విన్నాము గనుక ఇది కష్టము కాదు.) నడుమ సూర్యుడనే పళ్ళచక్రము, దాని చుట్టూ చిన్న గ్రహచక్రములు, వాటిని చుట్టి వెలుపల ఒక పెద్ద వలయము. సూర్యునికి ఒక మోటారు తగిలించారు. అది ముఖ్యముగా కరెంటు పుట్టిస్తుంది. గ్రహములను మోసే చట్రమునకు ఇంజను. వెలుపలి వలయమునకు రెండవ మోటారు, కారు చక్రములు. ఇంజను బలములో కొంత నేరుగా చక్రములకు పోతుంది, కొంత కరెంటుగా మారి వెళ్తుంది. ఎంత ఇటు, ఎంత అటు అన్నది క్షణక్షణము కంప్యూటరు తేలుస్తుంది. తొక్కవలసిన క్లచ్చి లేదు, మార్చవలసిన గేరు లేదు. ఇంత పొందికైన ఏర్పాటును మేము అరుదుగా చూశాము.

పొందిక కాగితముమీద. 1995 నవంబరులో ఆ యంత్రాంగముతో మొదటి కారు కూర్చితే, అది కదలలేదు. ఇంజను, రెండు మోటార్లు, బ్యాటరీ, కంప్యూటరు: లోపము ఎక్కడ ఉన్నదో పట్టుకొనడమే కష్టము. మనవాళ్ళ మండల దీక్ష కూడ ముగిసిపోయేటన్ని రోజులు గడిచాయి. 49 రోజులు. చివరకు క్రిస్మసు దినములలో కదిలింది. 500 మీటర్లు పోయి ఆగింది. నెల్నాళ్ళ కింద దీపాల కింద మెరిసిన పేరును మోయవలసిన బండి అదే! కారు రాబోతున్నదని లోకమంతా చూసిన తరువాత, "మాకు చేతకాలేదు" అని ఇంటికి పోయే దారి వారికి లేదు. ప్రదర్శనకు పెట్టిన ఖర్చు ఎందుకు పనికివచ్చిందంటే, మా లెక్కలో, ఇందుకు.

1997 డిసెంబరులో ప్రియస్ అమ్మకమునకు వచ్చింది. పెద్దయెత్తున తయారైన మొదటి హైబ్రిడ్ కారు అదే. జపాను వారి పరీక్షలో లీటరుకు 28 కిలోమీటర్లు వచ్చింది. ముందు చెప్పిన 30 కాదు. పరీక్షలో వచ్చిన అంకె మన సందుగొందులలో వస్తుందని ఎవరూ ఆశపడవద్దు.

ఆ 1997లోనే మన బెంగుళూరు–మైసూరు దారిలోని బిడదిలో టొయోటా కర్మాగారమునకు సంస్థ ఏర్పడింది. అక్కడ 2013లో క్యామ్రీ హైబ్రిడ్ కూర్చడము మొదలైంది. 2022లో ఇన్నోవా హైక్రాస్ వచ్చింది. నిరుడు ప్రశ్న వేసిన పెద్దాయనను ఇవాళ సభకు తెచ్చినది ఆయన అల్లుడుగారి హైక్రాసేనని ఇప్పుడే తెలిసింది. సభ ముగిశాక అది వాకిట కదిలేటప్పుడు పిల్లలు చెవి ఒగ్గి వినవచ్చును. మొదటి కొన్ని గజములు ఇంజను చప్పుడు వినబడకపోవచ్చు. అందుకే కాస్త ఎడముగా నిలబడండి.