జపానువారి దయ్యపుకథలు



దయ్యపుకథలు పిల్లలను జడిపించుటకే యని కొందఱు తీసివేయుదురు. నేను బీరంగూడలో నుండి జపానుదేశపు భయకథలను చదువుచు, వాని చలనచిత్రములను చూచుచున్నాను. అందు పెద్దలు వినదగిన సంగతి యొకటి కలదు.

1185లో దాన్-నో-ఉరా యొద్ద జరిగిన నావికాయుద్ధమున హెయికె వంశమువారు తమ బాలచక్రవర్తితో గూడ నశించిరి. హోయిచి యను గ్రుడ్డి గాయకుడు బివా యను తంత్రీవాద్యము మీటుచు ఆ కథను పాడుచుండెడివాడట. ఒక రాత్రి ఒక యోధుడు వచ్చి, తన ప్రభువు వినగోరెనని యతనిని కొనిపోయెను. కొలువులో పాడుచున్నానని హోయిచి తలచెను, పాడినది శ్మశానమున! అది యెఱిగిన బౌద్ధగురువు అతని మేనినిండ ప్రజ్ఞాపారమితా హృదయసూత్రమును వ్రాయించెను. చెవులపై వ్రాయుట మఱచిరి. మరల వచ్చిన ప్రేతమునకు చెవులే కనబడగా, వానిని పెఱికికొనిపోయెను.

ఈ కథను లాఫ్కాడియో హెర్న్ 1904లో ‘క్వైదాన్’ అను గ్రంథమున ప్రకటించెను. 1964లో కొబయాషి మసాకి ఆ పేరనే హెర్న్ కథలు నాలుగింటిని చిత్రముగా తీసెను. అందు కేకలకన్న నిశ్శబ్దమే యెక్కువ భయము గొల్పును.

1825లో ప్రదర్శింపబడిన యొత్సుయా నాటకమున భర్తచే వంచింపబడి, విషమువలన రూపు చెడి మరణించిన ఓయివా దయ్యమై తిరిగివచ్చును. నేటికిని ఆ నాటకమాడువారు ముందుగా ఆమెకు మ్రొక్కుట ఆచారము.

ఈ ప్రేతములు కోరునది యేమి? తమ కథ యెవరైన వినవలెననియే. మనకిది క్రొత్త గాదు. పలనాటి వీరులును 12వ శతాబ్దమునందే కారెమపూడిలో కూలిరి. ఏటేట కార్తీకమున అచట వీరవిద్యావంతులు వారి కథ పాడుదురు. పాట దొరకిన మృతులు దయ్యములు గాలేదు, వేల్పులైరి. పెత్తరమాసనాడు మనము పెద్దలను తలచునట్లే, జపానువారును బోన్ పండుగలో పితరులను ఆహ్వానింతురు.

కాని పాట దొరకనివారి మాటయేమి? ఫలానా బావిలో దయ్యమున్నదని బాలలకు చెప్పుదుము. అందు పడిన ఆడుబిడ్డ యెవరు, ఆమె నంత దూరము నెట్టినదెవరు అని అడుగము. కర్మాగారములు, క్రొత్త యిండ్లు పెరిగిన మా పటాన్‌చెరు ప్రాంతమున పాతబావులు పూడుచున్నవి. వానితో ఆ పేర్లును పూడుచున్నవి.

పెద్దలారా, మీ యెఱుకలోని దయ్యపుకథలను మనుమలకు చెప్పుడు, వ్రాయింపుడు. భయముతో ఆపక, దాని వెనుకనున్న అన్యాయమును గూడ చెప్పుడు. మన చెవులు మనకుండగనే విందము.