అరువది దినముల గడువు



నేడు మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములలో కుమారుడో, కుమార్తెయో, అల్లుడో సాఫ్ట్‌వేరు కొలువులో లేని గ్రామము అరుదు. ఒకరు హైదరాబాదున, ఒకరు బెంగుళూరున, మఱియొకరు అమెరికాలోని డల్లాసునందో న్యూజెర్సీయందో ఉందురు. ఆ సొమ్ముతో బోరు వేయించినవారును, ఇంటిపై అంతస్తు లేపినవారును, చెల్లెలి పెండ్లి చేసినవారును మీలోనే యున్నారు. ఆ కొలువు ఒకనాడు హఠాత్తుగా పోయినచో ఏమి జరుగును? పోయినవాడు మరల కొలువును ఎట్లు వెదకికొనును? అందు ఇంటనున్న పెద్దలు చేయదగిన పని యేమైన కలదా? ఈ సంగతులనుగూర్చి, ముఖ్యముగ అమెరికాలో నున్న మన పిల్లలనుగూర్చి, నేడు ముచ్చటింప దలచితిని.

కొలువు పోయినదనగానే, "వీడేమి తప్పు చేసెనో" యను సందేహము మనలో చాలమందికి కలుగుచున్నది. ప్రభుత్వోద్యోగమున నేరము మోపినగాని మనుష్యుని తీసివేయరు గనుక ఆ సందేహము సహజమే. సాఫ్ట్‌వేరు కొలువు అట్టిది కాదు. 2020వ సంవత్సరమున కోవిడు ప్రబలి జనులు ఇండ్లలో నుండిపోగా, కొనుగోళ్లు, చదువులు, సభలు ఇంటర్నెట్టు మీదికి ప్రాకినవి. అప్పుడు అమెరికాలో వడ్డీ ఇంచుమించు సున్న. ధనము చవుక, పని మెండు. కంపెనీలవారు కోతలనాడు కూలీలను పిలిచినట్లు మనుష్యులను చేర్చుకొనిరి. 2022 మార్చి నుండి అచ్చటి కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచుచు పోయి, 2023 జూలై నాటికి నూటికి అయిదుంబావు, అయిదున్నరల నడుమకు చేర్చెను. ధనము ప్రియమయ్యెను, మనుష్యులు ఎక్కువైరి. 2022 నవంబరు 9వ తేదీన మెటావారు 11,000 మందిని, 2023 జనవరిలో అమెజాన్‌వారు 18,000 పైచిలుకు, గూగుల్‌వారు 12,000, మైక్రోసాఫ్ట్‌వారు 10,000 మందిని తొలగింతుమని ప్రకటించిరి. అది అంతటితో ఆగలేదు. 2025 జూలైలో మన దేశపు టీసీఎస్ సంస్థ సుమారు 12,000 మందిని, అక్టోబరులో మరల అమెజాన్ 14,000 మందిని తగ్గింతుమనిరి. ఇన్ని వేలమందిలో నేరము చేసినవారెందరు? మెప్పులు పొందినవారు సయితము తెల్లవారి లేచి చూచునప్పటికి ఒక ఈమెయిలు వచ్చియుండెను. కంప్యూటరు లోనికి పోనీయదయ్యెను.

కృత్రిమ మేధ వచ్చి ఈ పనులన్నిటిని మ్రింగినదని మీరు పత్రికలలో చదువుచుందురు. అందు కొంత నిజము, కొంత సాకు. చాట్‌జీపీటీ యను యంత్రము ప్రజలకు అందినది 2022 నవంబరు 30న. మెటావారి తొలగింపు అంతకు మూడు వారములు ముందే జరిగినది. అటుపిమ్మట మాత్రము ఆ యంత్రములపై ధనము ప్రవాహముగ పోవుచున్నందున, క్రొత్తగా చదువు ముగించి వచ్చువారికి ద్వారము ఇరుకైనదన్నమాట నిజమే.

ఇక గడువు సంగతి. అమెరికాలో మన పిల్లలు హెచ్-1బీ యను అనుమతిపై పనిచేయుదురు. ఏటేట 65,000 మందికిని, అచ్చటనే పై చదువు చదివినవారికి మఱి 20,000 మందికిని ఇచ్చు ఈ యనుమతికి అర్జీలు మిక్కిలి యగుటచే లాటరీ తీయుదురు. అనుమతి యజమానితో ముడిపడి యుండును. కొలువు పోయిన మఱునాటినుండి లెక్కించి, 2017లో వచ్చిన నియమము ప్రకారము, 60 దినముల వఱకు, లేక ప్రవేశపత్రమున వ్రాసిన తేదీ వఱకు, ఏది ముందైన అంతవఱకు మాత్రమే అచ్చట నిలువ నిత్తురు. ఈలోపల మఱియొక యజమాని తన పేర అర్జీ పెట్టవలెను. ఆ యర్జీ ప్రభుత్వమునకు చేరినచో, దానిపై తీర్పు రాకమునుపే పనిలో చేరవచ్చును. ఒకసారి లెక్కలోనికి వచ్చినవానికి మరల లాటరీ అక్కరలేదు. భార్యకు స్వంతముగ హెచ్-1బీ యున్నచో భర్త ఆమెపై ఆధారపడిన హెచ్-4నకు మార్పు కోరి నిలువవచ్చును. ఇందు మగవానికి చిన్నతనమేమియు లేదు. ఇన్నాళ్లును ఎందఱో చదువుకొన్న ఆడపడుచులు అట్లే భర్తలకై నిలిచిరి. చదువు ముగించి శిక్షణ పేరిట పనిచేయు విద్యార్థులకు గడువు వేఱు: కొలువు లేని దినములన్నియు కలిసి 90కి మించరాదు, విజ్ఞాన, ఇంజనీరింగు శాస్త్రములవారికి ఇచ్చు పొడిగింపుతో కలిపి 150.

60 దినములనగా చాల దినములని తోచును. కాదు. ఏలయో చెప్పెదను.

అచ్చట కొలువునకు ఒక కాగితము వ్రాసి పంపి ఊరకుండిన చాలదు. ఒక్క ఉద్యోగమునకు వందలకొలది అర్జీలు వచ్చును. వానిలో పెక్కింటిని మనుష్యుడు చదువకయే యంత్రము వడపోయును. వడపోతలో నిలిచినవానిని మొదట ఒకరు ఫోనులో పలుకరింతురు. తరువాత కంప్యూటరు తెరపై లెక్కలవంటి చిక్కులను ఎదుటనే విప్పింతురు. తరువాత పెద్ద యంత్రాంగము నొకదానిని ఎట్లు కట్టుదువో గీచి చూపుమందురు. పిమ్మట నడవడినిగూర్చి ప్రశ్నలు. ఇట్లు నాలుగైదు కూర్చుండుటలు. ఒక్కొక్కదాని నడుమ వారమో పదిదినములో గడచును. అన్నిటను నెగ్గిన పిదప వకీళ్లు అర్జీ సిద్ధము చేయుటకు మఱికొన్నినాళ్లు. కావున మొదటి వారమును పోగొట్టుకొన్నవాడు పంటకాలమున మొదటి తడిని పోగొట్టుకొన్న రైతువంటివాడు.

ఆ మొదటి వారము పోవునది ఎక్కడనో తెలియునా? సిగ్గులో. కొలువు పోయిన సంగతి తండ్రికి చెప్పడు, మామగారికి చెప్పడు, ఊరివారు ఎఱుగుదురేమోనని అదే నగరమున నున్న పెదనాన్న కుమారునికి సయితము చెప్పడు. ప్రొద్దున బట్టలు మార్చుకొని కాఫీ అంగడిలో కూర్చుండి, రాత్రి ఫోనులో "పని చాల యున్నది నాన్నా" యనును. ఆ పెదనాన్న కుమారుడు పనిచేయు కంపెనీలోనే ఖాళీ యుండవచ్చును!

ఇచ్చట ఒక మాట వివరింపవలెను. ఆ దేశమున 'రెఫరల్' అను పద్ధతి కలదు. మనవారు దీనిని సిఫారసని యనుకొని, చేయి చాచుటకు వెనుదీయుచున్నారు. ఇది మన యెఱిగిన సిఫారసు కాదు. కంపెనీలో పనిచేయువాడు, "ఇతడు నాకు తెలిసినవాడు, ఇతని పని యిట్టిది" యని లోపలి పట్టికలో పేరు చేర్చును. దానిచే కొలువు రాదు. పరీక్షలలో ఒక్కటియు తప్పదు. వందల కాగితములలో ఆ యొక్క కాగితము మనుష్యుని కంట పడును, ఫలమంతయు ఇంతే. ఇట్టివాడు దొరికినచో చేరిన యుద్యోగిని తెచ్చినందుకు అతనికి బహుమానమిచ్చు కంపెనీలును పెక్కు గలవు. కావున అడుగుట బిచ్చమెత్తుట కాదు. పాత సహోద్యోగులను, కలిసి చదివినవారిని, బంధువులను మొదటి దినముననే పలుకరింపవలెను. "మా విభాగమును తీసివేసిరి, నాకీ పని వచ్చును, మీ దగ్గఱ ఇట్టి చోటున్నదా" యని మూడు వాక్యములు చాలును. తొలగింపబడితినని చెప్పుట నేడు అచ్చట ఎవరును తప్పు పట్టని సంగతి.

పేరుమోసిన కంపెనీలనే పట్టుకొని వ్రేలాడుటయు వ్యర్థమే. బ్యాంకులకు, ఆసుపత్రులకు, యంత్రశాలలకు సయితము సాఫ్ట్‌వేరు మనుష్యులు కావలెను. జీతము తక్కువ యైనను గడువు నిలుచును. విశ్వవిద్యాలయములకు హెచ్-1బీ సంఖ్యానియమము వర్తింపదు గనుక, లాటరీ తగులని విద్యార్థులు అటును చూడవచ్చును.

మీకు నేను ముఖ్యముగ చెప్పవలసినది సొమ్ము సంగతి. గడువు దగ్గఱపడినవానిని వెదకుచు కొందఱు దళారులు వచ్చెదరు. "మా కంపెనీ పేర అర్జీ పెట్టెదము, జీతము నీవే మాకు కట్టుము, మేము దానినే తిరిగి నీకు జీతముగ చూపెదము" అందురు. ఇది అచ్చటి చట్టమునకు విరుద్ధము. పని లేని దినములకు సయితము హెచ్-1బీ యుద్యోగికి యజమానియే జీతమియ్యవలెను. గడువు ముగియకమునుపే యజమాని తీసివేసినచో స్వదేశమునకు మఱలివచ్చు దారిఖర్చు కూడ అతడే భరింపవలెను. ఇది తెలియక అడుగనివారు పెక్కుమంది. హైదరాబాదునను ఇట్టి బేరములే. డిపాజిట్టు కట్టినచో దొడ్డిదారిని కొలువిప్పింతుమనువారు, చేయని పనికి అనుభవపత్రము వ్రాసి యిచ్చువారు నగరమున కొదువ లేరు. ఆ పత్రములను కంపెనీలవారు ప్రావిడెంటు ఫండు ఖాతాతో సరిచూచుచున్నారు. ఏ యజమాని ఏ మాసమున సొమ్ము జమకట్టెనో అందు వ్రాసియుండును. అబద్ధము బయటపడినచో ఆ కొలువును పోవును, ఇచ్చిన సొమ్మును పోవును. "ఒక్క లక్ష పంపుడు నాన్నా, ఒకరున్నారు" అని పిల్లవాడు అడిగినచో, ఎకరము తాకట్టు పెట్టకముందు, ఆ సొమ్ము ఎవరికి, రసీదు ఏ పేర అని అడుగుడు.

ఫోనులో మాటలాడునపుడు "ఇంకను రాలేదా" యని దినదినము అడుగవలదు. "ఇంకెన్ని దినములున్నవి? చేతిలో ఎన్ని నెలల గ్రాసమున్నది?" అని ఒక్కసారి అడిగి తెలిసికొనుడు. తెలిసినచో ఇచ్చట స్లాబు పని ఆపవచ్చును, చదువు అప్పునకు వాయిదానుగూర్చి బ్యాంకువారితో ముందుగనే మాటలాడవచ్చును, కుదిరిన సంబంధమువారికి మీ నోటనే చెప్పవచ్చును. మఱియొకరి నోట వినుటకంటె వారికి అది గౌరవముగ నుండును. మనకు రాత్రి తొమ్మిదియైనపుడు న్యూయార్కున వేసవిలో పగలు పదకొండున్నర. వారి పరీక్షలన్నియు ఆ వేళలోనే. ఆ సమయమున ఫోను మ్రోగింపకుండుట మేలు.

మఱలి రావలసివచ్చినచో? మన నేలమీదనే ఇట్టి పెనుగాలి వీచినది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్సు లెక్కలు తప్పుడువని బయటపడినపుడు సుమారు ఏబదివేల కుటుంబములు కొలువులకై దిగులుపడెను. ఆ యేప్రిలులోనే టెక్ మహీంద్రావారు దానిని కొనుట కుదిరినది. నేడు హైదరాబాదున 1998 నుండి మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రము ఉన్నది. 2019లో అమెజాన్ తన భవనములలోకెల్ల పెద్దదానిని అచ్చటనే తెఱచినది. అనుభవముతో వచ్చినవానికి అచ్చట చోటు దొరకవచ్చును. జీతమును డాలర్లతో గుణించి చూచుట మాత్రము మానవలెను. అయితే మఱలి వచ్చి తిరిగి పోవుట మునుపటివలె సులువు కాదు. 2025 సెప్టెంబరు 21 నుండి, చెల్లుబాటగు వీసా లేక ఆ దేశము వెలుపలనున్నవారికై పెట్టు క్రొత్త అర్జీలపై లక్ష డాలర్ల రుసుము విధించిరి. కావున ఆ నిర్ణయము భార్యాభర్తలిరువురును కూర్చుండి, వకీలు నడిగి చేసికొనవలసినది; ఇచ్చటినుండి తొందర పెట్టరాదు.

వచ్చుటయే నిశ్చయమైనచో ఒక పని ముందుగ చూడవలెను. అచ్చట పుట్టిన బిడ్డలకు అమెరికా పాస్‌పోర్టే యుండును. వారు మన దేశమున దిగుటకు వీసాయో, ఓ.సి.ఐ. కార్డో కావలెను. ఆ కార్డునకు అర్జీ, బడినుండి బదిలీపత్రము, ఈ రెండును గడువు ముగియకమునుపే, సామాను కట్టకమునుపే సిద్ధము చేయుమని మీ కోడలికి చెప్పుడు.