రివాల్వరుపై సంఖ్య



మన గ్రంథాలయములోని ప్రతి పుస్తకముపైనను ఒక సంఖ్య కలదు. దాఖలా పుస్తకము దగ్గర నున్నచో ఆ సంఖ్య, గ్రంథము వచ్చిన తేదీని, వెలను, ఇచ్చినవారి పేరును చెప్పును. దాఖలా పుస్తకము పోయినచో అది వట్టి అంకె. పాత రివాల్వర్ల విషయమును ఇట్టిదే. వానిపై నున్న సంఖ్యనుబట్టి కాలమును, వెలను ఎట్లు నిర్ణయింతురో మనవి చేయుదును. ఆయుధముల ముచ్చట గ్రంథాలయములో నేల యని కొందరికి తోపవచ్చును. లెక్కలు వ్రాసి బ్రదికినవానికి అంకె యెచట నున్నను ముచ్చటయే.

అమెరికాలో శామ్యూల్ కోల్ట్ అను నాతడు 1847లో, కెప్టెన్ వాకర్ సలహాపై, సైన్యముకొరకు ఒక పెద్ద రివాల్వరును చేయించెను. దాని బరువు ఇంచుమించు నాలుగున్నర పౌనులు. చేసినవి మొత్తము సుమారు 1,100. అందు వేయి సైన్యమునకు పోయెను. వానిపై ఎ, బి, సి, డి, ఇ అను దళముల అక్షరములను, ఒక్కొక్క దళములో మరల ఒకటినుండి వరుస సంఖ్యలను వేసిరి. కావున ఒకే అంకె ఒకటికి మించిన తుపాకులపై నుండును. అక్షరమును విడిచి అంకెను మాత్రమే చదివినవాడు మోసపోవును. మిగిలిన నూటికి 1001 మొదలు 1100 వరకు సంఖ్యలు. వీనిలో 1022వ సంఖ్య గలది, ఒక డేనిష్ నౌకాధిపతి యొద్ద నుండినది, తన పెట్టెతో సహా నిలిచి, 2018లో వేలమున 18 లక్షల 40 వేల డాలర్లకు పోయెను. ఇనుమునకంత వెల యెవరిత్తురు? ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చెనో తెలియుటకే ఆ వెల.

ఆ కంపెనీవారే 1873లో తెచ్చిన 'సింగిల్ యాక్షన్ ఆర్మీ' రివాల్వరునకు ఒకటినుండి సంఖ్యలు మొదలిడి, 1940 నాటికి మూడులక్షల యేబదియేడువేల చిల్లరకు చేరెను. ఇందు సంఖ్య చట్రముపైనను, ట్రిగ్గరు చుట్టునున్న కమ్మిపైనను, పిడివెనుక పట్టీపైనను ఉండును. మూడును ఒకటియే కావలెను. ఒకటి వేఱైనచో ఆ భాగము మఱియొక తుపాకినుండి తెచ్చి బిగించినదని గ్రహింపవలెను, వెల పడిపోవును. 1956లో మరల చేయ నారంభించినపుడు అంకె చివర 'ఎస్‌ఎ' అను అక్షరములు చేర్చిరి. అట్టిదానిని పందొమ్మిదవ శతాబ్దిదని యెవరైన అమ్మవచ్చినచో, బేరమాడక పంపివేయుడు.

సంవత్సరము కొంచెము అటునిటైన నేమి యందురేమో. అమెరికాలో 1968 నాటి చట్టము 1898లోను, అంతకు ముందును చేసిన తుపాకులను పురావస్తువులుగా నెంచి, పెక్కు నిబంధనలనుండి విడిచినది. ఆ సరిహద్దున కొద్ది అంకెల తేడాయే వెలను మార్చివేయును. సందేహము కలవారు రుసుము చెల్లించి కంపెనీవారి పాత పద్దులనుండి ఉత్తరము తెప్పించుకొందురు. అందు తుపాకి కర్మాగారము వెడలిన తేదీ యుండును. చేసిన దినము వేఱు, గడప దాటిన దినము వేఱు. ఈ రెంటిని కలుపువారు పెక్కుమంది.

తుప్పు గిట్టక గరుకు కాగితముతో రుద్దువారిని జూచిన నాకు కడుపు తరుగుకొనిపోవును. ఇత్తడి చెంబును చింతపండుతో తోమినట్లు దీనిని తోమరాదు. మెఱుగు వచ్చును గాని, పూర్వపు పూత పోవును, అంకెయు నరిగిపోవును. మన దేశమున 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము సంఖ్యను చెఱుపుటయు, మార్చుటయు నేరమే. కనుక తాతల పెట్టెలో నెవరికైన అట్టిది దొరకినచో, ముందుగా లైసెన్సు సంగతి పోలీసు స్టేషనులో విచారింపవలెను. సంఖ్యను మాత్రము, ముందు వెనుకల నున్న అక్షరములతో సహా, ఉన్నదున్నట్లు కాగితముపై వ్రాసికొనుడు. సెలవు.